దాతలో మెచ్చదగినది ఏది?

ధ్వజస్తంభానికి మొక్కి ముఖమండపంలో అడుగుపెట్టిన భక్తుని కంట ఈనాడు మొదట పడేది మూలవిరాట్టు కాదు, దాతల పేర్లు చెక్కిన నల్లరాతి ఫలకం. ఈ మాట నిష్ఠూరంగా అనడం లేదు. నలభై ఏళ్ళకు పైగా అర్చకత్వంలో ఉన్నవాణ్ణి. అటువంటి ఫలకాలు కొన్నింటికి ముహూర్తం నిర్ణయించినవాణ్ణి, వాటి ముందు కొబ్బరికాయ కొట్టించినవాణ్ణి నేనే.

మొన్నటి ధనుర్మాసంలో తల్లి వెంట వచ్చిన పదేళ్ళ బాలుడొకడు ఆ ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డాడు. అందులో పేర్లు ఇచ్చిన మొత్తాన్ని బట్టి వరుసగా ఉంటాయి. లక్షలు ఇచ్చినవారు పైన, వేలు ఇచ్చినవారు కింద. నూటపదహార్లు ఇచ్చినవారికి రాతిలో చోటు లేదు, రసీదు పుస్తకంలో మాత్రమే ఉంటారు. తీర్థం పుచ్చుకొంటూ ఆ బాలుడు అడిగాడు: "పంతులుగారూ, పై వరుసలో ఉన్నాయన కింది వరుసలో ఉన్నాయన కంటే మంచివాడా?" తల్లి నొచ్చుకొని వాణ్ణి వారించింది. నేను "అందరూ పుణ్యాత్ములే నాయనా" అని శఠగోపం పెట్టి పంపేశాను. అది సమాధానం కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. సంపన్నులను, దాతలను మనం దేనిని చూసి మెచ్చుకోవాలి అన్నదే ఆ పసివాడి ప్రశ్న. ఇంట్లో పిల్లలకు "అలాంటివాడివి కావాలిరా" అని మనం ఎవరిని చూపిస్తున్నామో ఒకసారి ఆలోచించవలసిన ప్రశ్న కూడా అదే.

దాతలను పొగడడం మా వృత్తికి కొత్త కాదు. ఋగ్వేదంలో దానస్తుతులు అనే భాగాలు ఉన్నాయి. తమకు గోవులను, అశ్వాలను, రథాలను ఇచ్చిన రాజులను ఋషులు పేరు పెట్టి కొనియాడిన మంత్రాలవి. ఆ రాజుల పేర్లు ఈనాటికీ నిలిచి ఉన్నాయంటే కారణం ఆ పొగడ్తే. అయితే అదే ఋగ్వేదంలో, పదవ మండలంలో, 117వ సూక్తం ఉన్నది. దానికి ద్రష్ట ఆంగిరసుడైన భిక్షువు. పేరులోనే యాచన ఉన్న ఋషి. దానాన్నే కీర్తించే ఆ సూక్తంలో ఏ రాజు పేరూ లేదు, ఇన్ని గోవులు అన్న లెక్కా లేదు. ఆకలితో ఎదుట నిలిచినవాణ్ణి చూసి మనసు రాయి చేసుకొని ఒంటరిగా భుజించేవాడు మాత్రం ఉన్నాడు, వాణ్ణి ఋషి తీవ్రంగా గర్హిస్తాడు. సిరి ఒకరి వద్ద నిలిచేది కాదు, రథచక్రంలా తిరిగేదని హెచ్చరిస్తాడు. పుచ్చుకొనే చేయి దానాన్ని ఎలా చూస్తుందో తెలిపే సూక్తం అది. దానస్తుతులను మేము వంశపారంపర్యంగా బాగానే అందిపుచ్చుకొన్నాం కాని భిక్షువు సూక్తాన్ని పారాయణకే పరిమితం చేశాం.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించుకొని ఇంటికి వెళ్ళే శిష్యునికి గురువు దానవిధిని ఉపదేశిస్తాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు, కలిమికి తగినట్టు ఇవ్వమంటాడు. అంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. ఆ తరువాత హ్రీ, భీ అని రెండు మాటలు వస్తాయి. సిగ్గుతో ఇవ్వాలట, భయంతో ఇవ్వాలట. బాల్యంలో మా నాన్నగారి వద్ద వల్లె వేసేటప్పుడు ఈ చోట ఆగి అడిగాను, ఇచ్చేవాడికి సిగ్గెందుకు, పుచ్చుకొనేవాడికి కదా ఉండవలసింది అని. ఇంత కలిగి ఉండీ ఇంతే ఇస్తున్నానే అన్న సిగ్గు అని ఆయన చెప్పారు. మరి భయమో? "అది నీకు పెద్దయ్యాక తెలుస్తుందిలే" అన్నారు. చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆ సంగతికి కొంచెం ఆగి వస్తాను.

సిగ్గుతో ఇవ్వడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మన తెలుగునేలపై డొక్కా సీతమ్మగారి జీవితానికి మించిన పాఠం నాకు కనబడదు. ఆమె 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. అడిగినవారికి అన్నం పెట్టే ఆయనను ఊరివారు బువ్వన్న అనే పిలిచేవారట. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆమె కోనసీమకు వచ్చారు. గోదావరి పాయల నడుమ ఉన్న ఊరు అది. ఆ రోజులలో రేవు దాటి వచ్చేవారికి, దాటి వెళ్ళేవారికి, వరదకు పడవ నిలిచిపోయినవారికి వేళకు అన్నం దొరకడం అంత సులభం కాదు. హోటళ్ళు లేవు. సత్రం ఉన్నా అన్ని ఊళ్ళలో లేదు. అటువంటి చోట వేళ కాని వేళ వచ్చినా, కులమేదని, ఊరేదని అడగకుండా ఆమె వండి వడ్డించారు. ఒక పండుగనాడో, పుణ్యతిథినాడో కాదు. 1909లో కన్నుమూసే వరకు ఆ ఇంటి పొయ్యి ఆరలేదని కోనసీమవాసులు నేటికీ చెప్పుకొంటారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పాఠకులలో వంట చేసే తల్లులకు ఇది నేను చెప్పనక్కరలేదు. ద్రవ్యం ఇవ్వడం ఒక క్షణం పని. అర్ధరాత్రి తలుపు తట్టినవానికి మళ్ళీ ఎసరు పెట్టడం, అదీ మొగం చిట్లించకుండా పెట్టడం వేరు. మొదటిదానికి సంపద కావాలి. రెండవదానికి ఒళ్ళు వంగాలి, మనసు వంగాలి. జోగన్నగారి భూములు లేకపోతే ఆ అన్నదానం సాగేది కాదన్నది నిజమే. కాని ఆ భూములు అంతకుముందూ ఉన్నాయి, అంతటి భూములు గలవారు ఆ సీమలో ఇంకా ఎందరో ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు.

ఆమె గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలని ఆమెకు చిరకాల వాంఛ. ఎట్టకేలకు బయలుదేరారు. దారిలో ఎదురైన పెళ్ళివారి బృందం ఆకలితో ఉన్న పిల్లలను, గన్నవరం చేరితే సీతమ్మగారి ఇంట భోజనం దొరుకుతుందని ఊరడించడం ఆమె చెవిన పడింది. వెంటనే వెనుదిరిగి, వారికంటె ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. ఈ కథను మనం పురాణాలలో చెప్పేటప్పుడు మానవసేయే మాధవసేవ అని ముగిస్తాం. నాకు అందులో వేరొకటి కనబడుతుంది. తాను ఇంట లేని సమయాన ఆ పిల్లలు వచ్చి, ఖాళీ గుమ్మం చూసి వెనుదిరుగుతారేమోనన్న ఆందోళన అది. తన పుణ్యం పోతుందన్న ఆలోచన అందులో లేదు.

ఆమె కీర్తి రాజప్రాసాదాల వరకు వెళ్ళింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరిలో ఢిల్లీలో జరిగిన దర్బారుకు ఆమెకు ఆహ్వానం వచ్చిందని, ఆమె వెళ్ళలేదని, చివరకు ఆమె ఛాయాచిత్రమైనా కావాలని అధికారులు ఎంతో బతిమాలితే తప్ప అందుకు ఒప్పుకోలేదని పెద్దలు చెబుతారు. ఇప్పుడు మన అన్నదాన కార్యక్రమాలలో గరిటె పట్టుకొని విస్తరి వైపు కాక కెమెరా వైపు చూసే దాతలను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది. తినేవాడు అన్నం కోసం చేయి చాపి ఉంటాడు. ఫోటో సరిగా వచ్చే వరకు ఆ గరిటె గాలిలోనే ఉంటుంది. గీత పదిహేడవ అధ్యాయంలో భగవానుడు ప్రత్యుపకారం ఆశించి ఇచ్చేదానిని రాజసమనీ, పుచ్చుకొనేవాణ్ణి చులకన చేసి ఇచ్చేదానిని తామసమనీ చెప్పాడు. గాలిలో ఆగిన ఆ గరిటె రాజసమా, తామసమా? నాకు రెండూ కనబడతాయి.

సీతమ్మగారి పేరు ఇప్పుడు రెండు చోట్ల వినబడుతున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. గన్నవరం వద్ద వైనతేయ గోదావరిని దాటించి కాలువ నీటిని అవతలి లంకకు చేర్చే అక్విడక్టుకు కూడా ఆమె పేరే ఉన్నది. ఆ రెండవది చూసినప్పుడు మరొక వ్యక్తి మనసులో మెదలుతాడు. 1832-33 నాటి నందన కరువు గోదావరి సీమను ఎంత బాధించిందో ఆ ప్రాంతపు వృద్ధులు తరతరాలుగా చెప్పుకొనేవారు. ఆ సీమకు ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించినవాడు ఆర్థర్ కాటన్ దొర. 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆయన తన సొత్తు దానం చేయలేదు, తన ఉద్యోగం తాను చేశాడు. ఆయన కొలువు చేసినది మన దేశాన్ని ఏలుకొన్న పరాయి పాలకుల వద్ద. అయినా గోదావరిలో స్నానం చేస్తూ సంకల్పంలో ఆయనను స్మరించే ఆచారం ఆ జిల్లాల బ్రాహ్మణులలో వచ్చింది. అది ఎవరి ఆజ్ఞ వల్లా రాలేదు. విజయవంతులైన అధికారులు, ధనికులు ఎందరో ఉండగా సంధ్యావందనపరులైన వైదికులు ఒక ఆంగ్లేయుణ్ణి స్నానసంకల్పంలోకి తెచ్చుకొన్నారంటే, ఎవరిని మెచ్చుకోవాలో ఆనాటివారికి మనకంటె బాగా తెలుసుననే అనుకొంటాను. ఆయన విజయంలో తమ పొలానికి నీరున్నదా అని వారు చూశారు.

ఇక కష్టమైన సంగతి. ఆర్జన ఎటువంటిదో అడగకుండా దానాన్ని మెచ్చుకోవచ్చునా?

ముప్పై ఏళ్ళ కిందటి మాట. నేను అప్పుడు పనిచేసిన ఆలయానికి ఒక సంపన్నుడు స్వామివారికి వెండి కిరీటం సమర్పించాడు. మేళతాళాలతో, పూర్ణకుంభంతో ఎదుర్కొన్నాం. పరివట్టం కట్టి, మహదాశీర్వచనం చేశాను. ఆయన నాకు పట్టుకండువా కప్పాడు. ఆ సాయంకాలం పవళింపు సేవ వేళకు ఆయన వద్ద పనిచేసే హమాలీలు ఇద్దరు వచ్చి ప్రాకారం దగ్గర నిలబడ్డారు. మూడు నెలలుగా కూలి ఇవ్వలేదట. "అయ్యగారూ, మీ మాటంటే ఆయనకు గురి. ఒక్కమాట చెప్పండి" అన్నారు. చూద్దామని చెప్పి పంపాను. చెప్పలేదు. రేపు చెబుదామనుకొన్నాను, ఆ రేపు ఉత్సవాలలో కలిసిపోయింది. తరువాత వారు ఆ ఊళ్ళో కనబడలేదు. ఆ కిరీటం ఇప్పటికీ ఆ స్వామికి పర్వదినాలలో అలంకరిస్తున్నారు. నేను అక్కడ ఉన్నంతకాలం దానిని చేతిలోకి తీసుకొన్న ప్రతిసారీ ఆ ఇద్దరూ కంటి ముందు నిలిచేవారు. ఆ దాతను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన తన పని తాను చేశాడు. ఆయనను అందరి ముందు ధర్మాత్ముడని గొంతెత్తి పలికినది నేను.

కఠోపనిషత్తు ప్రారంభాన్ని మనం నచికేతుని కథగా చెప్పుకొంటాం గాని అది నిజానికి ఒక చెడు దానం కథ. వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఇచ్చిన గోవులు గడ్డి మేయడం, నీరు తాగడం, పాలివ్వడం అన్నీ ముగిసినవి. లెక్కకు గోవులే, ఫలకం మీద చెక్కితే ఎన్ని గోవులో అంకె పెద్దదే. చూసి బాధపడినవాడు ఋత్విక్కులలో ఎవరూ కాదు, కొడుకు. పిల్లవాడు. పెద్దలందరూ దక్షిణ పుచ్చుకొని ఆశీర్వదించే ఉంటారు.

ధర్మరాజు అశ్వమేధానికి వచ్చిన సగం బంగారు ముంగిస కథ పాఠకులకు తెలిసినదే కనుక విస్తరించను. కురుక్షేత్రంలో ఉంఛవృత్తితో జీవించిన బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన కొద్దిపాటి పేలపిండికి ఆ మహాయజ్ఞం సరితూగలేదు. ఒక్కమాట మాత్రం. ఆ పిండి ఆయన ఒక్కడిదే కాదు. భార్య తన వంతు, కొడుకు తన వంతు, కోడలు తన వంతు ఎవరికి వారు ముందుకు వచ్చి ఇచ్చారు. ఆకలితో కృశించిన భార్య వంతు, కోడలి వంతు తీసుకోవడానికి ఆయన సంకోచించాడు కూడా. మన ఫలకాలలో ఇంటి యజమాని పేరు పూర్తిగా ఉంటుంది, ఆ పక్కన దంపతులు అని ఒక ముక్క. ఆ దంపతులలో రెండవవారి సమ్మతి అడిగామా, ఆమె పేరైనా తెలుసునా?

ఇప్పుడు ఆ భయం సంగతి.

మా ఊరి చివరి వీధిలో కూలి చేసుకొని జీవించే ముదుసలి ఒకామె ఉండేది. ప్రతి శ్రీరామనవమికి ముందురోజు కుంచెడు బియ్యం మూటగట్టి అన్నదానానికి తెచ్చేది. ఆ బియ్యం సంగతి వంటవారికి బాగా తెలుసు. మిగిలిన బస్తాలను చేటతో చెరిగి, రాళ్ళు ఏరి, రెండుసార్లు గాలించి గాని ఎసట్లో పోసేవారు కాదు. ఈమె మూట మాత్రం నేరుగా కడిగి పోసేవారు. నెల రోజులు రోజుకు కొంచెం చొప్పున కూర్చుని ఏరేదట. గోత్రం తెలియదంటే కాశ్యప గోత్రం చెప్పి, కల్యాణంలో ఆమె పేరు చదివేవాణ్ణి. ఒక ఏడాది పెద్ద దాతల జాబితా చేతికి వచ్చింది. మైకులో ఒక్కొక్కరి పేరు, మొత్తం, వంశం చదివేసరికి ముహూర్తం మించిపోయింది. ఆమె పేరు మరచిపోయాను. స్తంభం దగ్గర చివరిదాకా నిలబడి, పంక్తిలో కూర్చుని తిని వెళ్ళిపోయింది.

రాత్రి గుర్తుకు వచ్చింది. మరునాడు వారి ఇంటికి వెళ్ళి, పొరపాటు నాదని చెప్పాను. ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. "అంతేనా బాబూ! నా బియ్యంలో ఎవరికో రాయి తగిలిందేమో, అందుకే పేరు సదవలేదేమో అనుకున్నాను. రాత్రంతా నిద్ర లేదు" అన్నది.

పేరు చదవలేదన్న బాధ ఆమెకు లేదు. ఎవరి పంటికింద రాయి పడిందోనన్న భయం ఉన్నది. నాన్నగారు చెప్పకుండా వదిలిన అర్థం ఆ మట్టి అరుగు మీద నాకు దొరికింది. ఇచ్చేది పుచ్చుకొనేవాణ్ణి ఎక్కడైనా నొప్పిస్తుందేమోనన్న భయం అది. వాజశ్రవసునికి లేనిది, గరిటె పట్టుకొని ఫోటోకు నిలబడినవానికి లేనిది అదే. రోడ్లు వేయించిన సంపన్నునికైనా, బడి కట్టించిన వ్యాపారికైనా, కుంచెడు బియ్యం తెచ్చినవారికైనా ఆ భయం ఉంటే వారికి నేను నమస్కరిస్తాను. లేకపోతే రసీదు ఇస్తాను.

దీనికి ఆక్షేపణ ఉన్నది, న్యాయమైనదే. పేరు చెక్కకపోతే విరాళాలు రావు, విరాళాలు రాకపోతే ఆలయాలు నడవవు అని కమిటీవారు అంటారు. మన ప్రాచీన దేవాలయాల గోడలన్నీ దాతల పేర్లే కదా అని కూడా అంటారు. నిజమే, ఆ దానశాసనాలే లేకపోతే మన చరిత్రలో సగం మనకు తెలిసేది కాదు. అయితే ఆ శాసనాలను చివరిదాకా చదివినవారికి ఒకటి తెలుస్తుంది. ఇచ్చిన భూమికి ఎల్లలేవో, దీపానికి ఎంత నెయ్యి అన్నదో అందులో ఉంటుంది. దానిని అపహరించినవాడు ఏ నరకానికి పోతాడో చాలావాటి చివర ఉంటుంది. తాను ఇచ్చినదానికంటె ఇతరులు ఇచ్చినదానిని కాపాడడం రెట్టింపు పుణ్యమన్న మాట కూడా వాటిలో తరచు కనబడుతుంది. అంటే పేరు దాత పొగడ్త కోసమే కాదు, దానం రక్షణ కోసం. ఫలానావాడు ఇచ్చాడు, ఇది ఇంతవరకు, దీనిని ఎవరూ మింగరాదు అని రాతి మీద పెట్టిన సాక్ష్యం. మన ఫలకాలలో ఆ విరాళం దేనికి ఖర్చయిందో ఒక్క పంక్తి ఉన్నదా?

మా ఆలయంలో రెండేళ్ళుగా ఒక మార్పు చేశాం. మైకులో మొత్తాలు చదవడం మానేశాం. గోత్రనామాలు వచ్చిన వరుసలోనే, అందరివీ ఒకే స్వరంలో. పరివట్టం ఆ ఏడాది వంటశాలలో ఎక్కువ రోజులు పనిచేసినవారికి కడుతున్నాం. మొదటిసారి కట్టించుకొన్న ఆమె సిగ్గుతో తల ఎత్తలేదు, నవ్విన పెద్దలూ ఉన్నారు. పెద్ద దాతలలో ఇద్దరు రావడం మానుకొన్నారు. ఒకరు మాత్రం ఎప్పటిలాగే ఇస్తూ, తన పేరు చివర చదివినా ఏమీ అనుకోలేదు. మొత్తం మీద ఆదాయం తగ్గింది. కోశాధికారి పుస్తకం తెచ్చి చూపించాడు, ఆ అంకెలకు నా వద్ద జవాబు లేదు. ఉగాదికి ముందు సమావేశంలో ఈ చర్చ మళ్ళీ వస్తుంది. పాత పద్ధతికే వెళదామని ఎక్కువమంది అంటే నేను కాదనలేను కాని మొత్తాలు నా నోటితో చదవనని మాత్రం చెప్పాను.

ఆ ముదుసలి ఇప్పుడు లేదు. ఆమె మనుమడు నవమికి బియ్యం తెస్తున్నాడు. అందులో రాళ్ళుంటున్నాయి. వంటవారు వాడిని కసురుకోకుండా, పక్కన కూర్చోబెట్టుకొని చేట చేతికిస్తున్నారు. ఫలకం ముందు నిలబడి అడిగిన ఆ పదేళ్ళ బాలుడు మళ్ళీ వస్తే వాడినీ అక్కడికే తీసుకువెళ్ళి కూర్చోబెట్టాలని ఉన్నది.